లోయలో ఒక పాట, కొండ మీద ఇంకో పాట: జర్మనీ పచ్చ మిడతల గురించి తెలిసినవాళ్లు చెప్పండి

నెక్కర్_గట్టు
జూలై వచ్చిందంటే మా వీధి చివర లిండెన్ చెట్టు మీద నుంచి మధ్యాహ్నం మొదలై అర్ధరాత్రి దాటేదాకా ఒకటే మోత. కిటికీ తీస్తే గదంతా అదే. అది ఇక్కడి పెద్ద పచ్చ మిడత అని పక్కింటి పెద్దాయన చెప్పారు. మేముండేది స్టుట్‌గార్ట్ దగ్గర, నెక్కర్ లోయలో. మొన్న బ్లాక్ ఫారెస్ట్‌లో దాదాపు 900 మీటర్ల ఎత్తున ఒక పల్లెలో దిగాం. అక్కడా చూడ్డానికి అలాంటి పచ్చ మిడతే, కానీ పాట వేరు. మా దగ్గరది గరగరగా, తెగి తెగి వస్తుంది. అక్కడిది మెల్లగా ఎత్తుకుని ఒకే ధారగా సాగుతుంది. ఇవి ఒకే జాతా, రెండా? రెండైతే మా లోయలో కొండది, కొండ మీద లోయది ఎందుకు వినపడవు?

ఇంకో సంగతి. ఆ పల్లెలో రోడ్డు పక్క గడ్డి దగ్గర మా పాప ఆగిపోయి "నాన్నా, ఇక్కడ ఇంకోటి పాడుతోంది" అంది. నాకు ఏమీ వినపడలేదు. అది ఏమై ఉంటుంది?

చిమ్మెట_చెవి
రెండు జాతులే. లోయలోది టెట్టిగోనియా విరిడిస్సిమా. కొండ మీదది టెట్టిగోనియా కాంటాన్స్. రెండూ బుష్ క్రికెట్లు, అంటే ఒంటికన్నా పొడవైన మీసాలుండే మిడతలు. పంటల మీద దండులా పడే పొట్టి మీసాల మిడతలు వేరే కుటుంబం.

రెక్కలు చూస్తే ఇట్టే తేలిపోతుంది. విరిడిస్సిమా రెక్కలు వెనక మోకాళ్లు దాటి చాలా దూరం పోతాయి. ఆడదాని గుడ్లు పెట్టే గొట్టం రెక్కల చివర దాటి బయటికి రాదు. కాంటాన్స్ రెక్కలు మోకాళ్ల దగ్గరే ఆగిపోతాయి, ఆడదాని గొట్టం రెక్కల కింద నుంచి బాగా బయటికి కనిపిస్తుంది. చీకట్లో అవేవీ కనపడవు కాబట్టి పాటే గుర్తు. విరిడిస్సిమా రెక్క చప్పుళ్లు జంటలు జంటలుగా వస్తాయి, మీరు విన్న గరగర అదే. కాంటాన్స్‌లో జంటలు లేవు, అందుకే నున్నగా ధారలా వినిపిస్తుంది. మీ చెవి సరిగ్గానే పట్టింది.

వెన్నెలవాగు
రెక్కలు రెక్కలు రాసుకుంటే అంత మోతా? మా ఇంటి దగ్గర వంద మీటర్ల అవతల నుంచి కూడా వినపడుతుంది.

చిమ్మెట_చెవి
వెన్నెలవాగు గారూ, ఎడమ ముందు రెక్క అడుగున ఒక ఈనె ఉంటుంది, దాని నిండా సన్నటి పళ్లు. కుడి రెక్క అంచు గట్టిగా ఉంటుంది. రెక్కలు మూసినప్పుడు ఆ అంచు పళ్ల మీదుగా గీసుకుపోతుంది. కుడి రెక్క మొదట్లో పలచటి పొర ఒకటి బిగుసుకుని ఉంటుంది, చప్పుడును పెద్దది చేసేది అదే. మన ఇళ్ల మూలల్లో అరిచే ఇలకోళ్లలో మామూలుగా కుడి రెక్క పైన ఉంటుంది, వీటిలో ఎడమది పైన. చెవులైతే ముందు కాళ్ల మీద, మోకాలికి కొంచెం కింద. పెద్ద మిడత దొరికితే భూతద్దం పెట్టి చూడండి, ఆ చోట రెండు పక్కలా సన్నటి చీలికలు కనపడతాయి.

ఎర్రమట్టి
కాళ్ల మీద చెవులా! మా అమ్మమ్మ "నీ చెవులు మోకాళ్లలో ఉన్నాయేంట్రా" అని తిట్టేది. ఇప్పటికి ఆ మాట ఎవరికో సరిపోయింది.

గోదారిగట్టు_68
పట్టుకోవాలనుకునేవాళ్లకి ఒక మాట. విరిడిస్సిమా కరుస్తుంది, గట్టిగానే. అది ఆకులకన్నా పురుగులే ఎక్కువ తింటుంది. గొంగళిపురుగులు, ఈగలు, దొరికితే సాటి మిడతలు కూడా. తోటలో ఉంటే మంచిదే, మందు కొట్టకండి.

నెక్కర్_గట్టు
చాలా థాంక్స్ చిమ్మెట గారూ. నా రెండో ప్రశ్న మిగిలే ఉంది. ఇవి చోట్లు ఎందుకు పంచుకున్నాయి?

చిమ్మెట_చెవి
చాలావరకు గుడ్ల వల్ల. ఆడమిడత ఎండాకాలం చివర్లో గుడ్లు నేలలో పెడుతుంది. విరిడిస్సిమా గుడ్డు పిల్ల కావడానికి తక్కువలో తక్కువ ఏడాదిన్నర. వేడి చాలకపోతే ఐదేళ్లు, ఇంకా ఎక్కువ కాలం కూడా నేలలోనే ఉండిపోగలదు. అందుకే దానికి వెచ్చటి లోయలు, ద్రాక్షతోటలు, ఊళ్లు నచ్చుతాయి. కాంటాన్స్ గుడ్డు ఎండిపోతే తట్టుకోలేదు, దానికి తడి నేల, చల్లటి గాలి కావాలి. అందుకే కొండలు, తేమ పచ్చికలు. ఎత్తు ఒక్కటే కారణం అనుకోకండి, ఉత్తర జర్మనీలో పల్లపు నేలల్లో కూడా కాంటాన్స్ ఉంది, అక్కడ చల్లదనం, తడి చాలినంత ఉన్నాయి కాబట్టి. రెండూ కలిసే సన్నటి పట్టీలు ఉంటాయి. మీరు లోయ నుంచి కారులో పైకి పోతూ మధ్య మధ్య ఆగి వింటే ఆ పట్టీ మీకే దొరుకుతుంది.

లీడ్స్_లక్ష్మి
ఇంగ్లండ్‌లో కాంటాన్స్ లేనే లేదు. విరిడిస్సిమా కూడా దక్షిణానే, మా యార్క్‌షైర్‌లో వినపడదు. కార్న్‌వాల్ తీరం వెంబడి ఆగస్టులో నడిస్తే ముళ్లపొదల నిండా అవే. నెక్కర్ గారూ, మీ పాప విన్నది రోసెల్స్ బుష్ క్రికెట్ అని నా అనుమానం. రోడ్డు పక్క ఎత్తు గడ్డి దాని సొంత ఇల్లు. హై టెన్షన్ కరెంటు తీగల కింద నిలబడితే వినిపించే చిటపట మోత లాంటిది, ఆగకుండా. దాని పాటలో బలమంతా 20 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి ఇరవై వేల కంపనాల దగ్గర ఉంటుంది. పిల్లలకి స్పష్టంగా వినపడుతుంది, నడివయసు దాటిన చాలామందికి వినపడదు. మీకేమీ కాలేదు, వయసుతో అందరికీ పై శ్రుతులు పోతాయి.

నెక్కర్_గట్టు
ఆ చిటపట మాట పాపకి చదివి వినిపించాను. "అదే, అదే" అంది. ఇక ఇంట్లో నా మాటకి విలువ తగ్గిపోయేలా ఉంది.

ఎర్రమట్టి
లక్ష్మి గారూ, ఆ రోసెల్స్ ఈ మధ్యే ఇంగ్లండ్ అంతా పాకిందని విన్నా. గ్లోబల్ వార్మింగ్ వల్లే కదా? ఇంకో కారణం ఏముంటుంది?

లీడ్స్_లక్ష్మి
వేడి ఒక కారణం, అదొక్కటే కాదు. 1980ల ముందు దాకా అది బ్రిటన్‌లో ఎక్కువగా ఆగ్నేయ తీరం వెంబడి, థేమ్స్ ముఖద్వారం చుట్టూ ఉండేది. ఆ తర్వాత లోపలికి, ఉత్తరానికి ఎగబాకింది. లాంగ్ వింగ్డ్ కోన్‌హెడ్ అనే ఇంకో బుష్ క్రికెట్ కూడా అంతే, దక్షిణ తీరం దాటని పురుగు 1980ల తర్వాత దూసుకొచ్చింది. కానీ ఎలా వచ్చిందో చూడాలి. మోటర్‌వేల పక్కన ఎవరూ కోయని ఎత్తు గడ్డి పట్టీలు మైళ్ల కొద్దీ ఉన్నాయి. అవే దారి. పంట వేయకుండా వదిలిన పొలాల అంచులూ పనికొచ్చాయి. రోసెల్స్ మామూలుగా పొట్టి రెక్కలది, ఎగరలేదు. ఎండలు బాగా కాసి సంఖ్య పెరిగిన ఏళ్లలో పొడవు రెక్కలవి కొన్ని పుడతాయి. అవి ఎగిరిపోయి కొత్త చోట దిగుతాయి. ఎండ రెక్కలిచ్చింది, గడ్డి దారిచ్చింది.

ఎర్రమట్టి
అంటే వేడే కదా మూలం. వేడి లేకపోతే పొడవు రెక్కలవి పుట్టేవే కావుగా.

నల్లరేగడి_బాసెల్
ఎర్రమట్టి గారూ, వేడి ఒక్కటే చాలితే వార్ట్ బైటర్ అనే బుష్ క్రికెట్ కూడా పాకాలి కదా? డెక్టికస్ వెరుకివోరస్. అదీ ఎండను ఇష్టపడేదే. పొద్దున ఎండ పడి ఒళ్లు వెచ్చబడ్డాకే పాడుతుంది, మబ్బు పట్టగానే ఊరుకుంటుంది. అయినా ఇంగ్లండ్‌లో అది దక్షిణాన వేళ్ల మీద లెక్కపెట్టే చోట్లకే మిగిలింది, బోనుల్లో పెంచి తిరిగి వదలాల్సి వచ్చింది. దానికి ఒకే రకం గడ్డి చాలదు. కొంత మేసిన పొట్టి గడ్డి, మధ్యలో ఎత్తు కుచ్చులు, అక్కడక్కడా గుడ్లు పెట్టడానికి బోడి నేల, ఇవన్నీ పక్కపక్కన ఉండాలి. మేకలు, గొర్రెలు ఎక్కువ మేసినా పోతుంది, అసలు మేయకపోయినా పోతుంది. గుడ్లు నేలలో రెండు చలికాలాలు, ఒక్కోసారి ఎక్కువే గడుపుతాయి. ఒక్క ఏడాది దున్నితే ఎన్నో ఏళ్ల సంతానం ఖతం.

ఎర్రమట్టి
ఇది మంచి పాయింటు. ఒప్పుకోవాల్సిందే.

వెన్నెలవాగు
వార్ట్ బైటర్ అంటే పులిపిర్లు కొరికేదా? నిజంగానా?

నల్లరేగడి_బాసెల్
నిజంగానే. స్వీడన్ పల్లెల్లో పులిపిరి మీద దీన్ని వదిలి కొరికించుకునేవాళ్లు. అందుకే జీవులకి శాస్త్రీయ పేర్లు పెట్టిన లిన్నేయస్ 1758లో ఆ పేరే పెట్టాడు. మా స్విస్ కొండ పచ్చికల్లో ఇది ఇంకా బాగానే ఉంది. పాట టిక్ టిక్ అని విడివిడిగా మొదలై వేగం అందుకుంటుంది. ఎండలో గడ్డిలోకి దిగితే కాళ్ల ముందే గెంతుతుంది, బొటనవేలంత లావు.

కోడ్_కాపు
ఇంత కష్టం ఎందుకండీ. ఫోన్‌లో రికార్డు చేసి యాప్‌కి ఇస్తే పేరు చెప్పేస్తుంది. నేను అలాగే చేస్తున్నా.

పాత_మైకు
కోడ్_కాపు గారూ, విరిడిస్సిమాకి పని చేస్తుంది. దాని పాటలో 10 కిలోహెర్ట్జ్ దగ్గర చాలా బలం ఉంది. అన్నిటికీ చేయదు. ఫోన్ సెకనుకి 44,100 సార్లు కొలుస్తుంది అనుకుందాం, అందులో సగం, అంటే 22 కిలోహెర్ట్జ్ దాకా మాత్రమే నమోదు చేయగలదు. దాని పైన పాడేవి ఫైల్‌లో ఉండనే ఉండవు. లేనిదాన్ని యాప్ ఎక్కడ నుంచి తెస్తుంది? పైగా కాల్స్ కోసం పెట్టిన నాయిస్ తగ్గించే సెట్టింగ్ ఈ సన్నటి మోతని అనవసరం అనుకుని కోసేస్తుంది. రికార్డ్ చేసేటప్పుడు ముందు దాన్ని ఆపండి.

కోడ్_కాపు
22 పైన పాడేవి ఎన్ని ఉంటాయి చెప్పండి. ఒకటో రెండో కోసం వేరే పరికరం కొనాలా?

పాత_మైకు
ఒకటో రెండో కాదు. కోన్‌హెడ్లు చాలావరకు మనిషి చెవి అంచున, దాని పైన పాడతాయి. లెప్టోఫైస్ పంక్టటిస్సిమా అయితే పూర్తిగా పైనే, దాదాపు 40 కిలోహెర్ట్జ్. బ్రిటన్ దక్షిణం నుంచి జర్మనీ, ఫ్రాన్స్ అంతటా తోటల్లో, బ్లాక్‌బెర్రీ పొదల్లో ఉండే మామూలు పురుగు అది. మన పెరట్లోనే ఉంటుంది, మనకి తెలియదు. అందుకే గబ్బిలాల డిటెక్టర్ కావాలి, మన చెవికి అందని శ్రుతిని వినపడేలా దించే పరికరం అది. దాన్ని 40 దగ్గర పెట్టి సాయంత్రం పొద చుట్టూ తిప్పండి. పొడి పొడిగా టిక్, కాసేపాగి టిక్ అని వస్తే అదే.

దాని సంగతి ఇంకా చెప్పాలి. మగది ఆ టిక్ అన్నాక ఆడది ఊరుకోదు, తనూ ఒక చిన్న టిక్ ఇస్తుంది. మగదాని పిలుపు తర్వాత దాదాపు 25 మిల్లీసెకన్లకి రావాలి. ఆలస్యమైతే మగది పట్టించుకోదు. సరైన సమయానికి వచ్చిందంటే మగదే ఆడదాన్ని వెతుక్కుంటూ నడుస్తుంది. మిగతా చాలా జాతుల్లో మగది కూర్చుని పాడుతుంది, ఆడది నడిచి వస్తుంది. ఇక్కడ తిరగబడింది.

వెన్నెలవాగు
25 మిల్లీసెకన్లు! మా ఆయన నేను పిలిస్తే 25 నిమిషాలకి పలుకుతారు.

కోడ్_కాపు
పాత_మైకు గారూ, డిటెక్టర్ ఎంతలో వస్తుంది? నాకూ ఆసక్తి కలిగింది.

పాత_మైకు
చవక రకం చాలు, శ్రుతి తిప్పుకునే చక్రం ఉన్నది. రికార్డింగ్ కూడా కావాలంటే ఫోన్‌కి తగిలించే అల్ట్రాసౌండ్ మైకులు వస్తున్నాయి, వాటికి ఖర్చెక్కువ. కొనేముందు వారంటీ చూసుకోండి. నేను ఆన్‌లైన్‌లో ఒక చోట కొన్నది తొందరగానే మూగబోయింది, వాళ్లు మాట దాటేశారు. ఊళ్లో గబ్బిలాల సంఘం ఉంటే అడగండి, అరువిస్తారు.

దొడ్డిదారి
అసలు రెక్కలతో పాడనిదాని గురించి ఎవరూ చెప్పలేదు. ఓక్ బుష్ క్రికెట్, మెకోనీమా తలాస్సినం. దాని రెక్కల్లో పాడే పరికరం లేదు. మగది రాత్రిపూట ఆకు మీద నిలబడి వెనక కాలితో దరువు వేస్తుంది. ఆకు కదిలి ఆ అదురు ఆడదానికి చేరుతుంది. నిశ్శబ్దంగా ఉంటే మీటరు రెండు మీటర్ల దూరం నుంచి మనకీ వినిపిస్తుంది. బెర్లిన్‌లో లైటు కింద కిటికీ అద్దం మీద వాలిన దాన్ని చూశాను, లేత పచ్చ ఒళ్లు, వీపు మీద పసుపు గీత.

దీని చెల్లెలు మెరిడియోనాలె ఇంకా విచిత్రం. రెక్కలు రెండు చిన్న పొలుసులు, ఎగిరే ప్రశ్నే లేదు. ఇటలీ, దక్షిణ ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చింది. ఇప్పుడు జర్మనీ, నెదర్లాండ్స్ నిండా ఉంది, 2001లో బ్రిటన్‌లో దొరికింది. కార్లు, లారీలు, నర్సరీ మొక్కలు ఎక్కి తిరుగుతుంది. నగరాల్లో, పార్కింగ్ చెట్ల మీద ముందు కనపడటానికి కారణం అదే.

ఎర్రమట్టి
టికెట్ లేని ప్రయాణికురాలు అన్నమాట. మనవాళ్లు ఇంత తేలిగ్గా వీసా లేకుండా తిరగలేరు.

తూలూజ్_తులసి
మా వైపు దక్షిణ ఫ్రాన్స్‌లో ద్రాక్షతోటల్లో ఉండే ఎఫిప్పిజర్ గురించి చెప్తా. చూస్తే వీపు మీద జీను వేసినట్టు మెడ పలక లేచి ఉంటుంది, దాని కింద రెక్కలు చిన్న డొప్పల్లా దాక్కుని ఉంటాయి. ఎగరడానికి పనికిరావు, పాడటానికే మిగిలాయి. ఇందులో ఆడది కూడా చప్పుడు చేస్తుంది. నాకు బాగా నచ్చింది ఏంటంటే, ఊరు మారితే పాట మారుతుంది. చాలాచోట్ల మగది ఒక్క పట్టుతో, అంటే రెక్కల ఒక్క రాపిడితో ఊరుకుంటుంది. పిరనీస్ కొండల తూర్పు వైపు పోయేకొద్దీ ఒకే పిలుపులో మూడు నాలుగు పట్లు వినపడే గుంపులున్నాయి. ఆడవి కూడా తమ చోటి పద్ధతికే ఎక్కువగా మొగ్గుతాయి. ఎగరలేని పురుగు కదా, ఒక చోటిది ఇంకో చోటికి పోలేక వేరుపడింది.

చిమ్మెట_చెవి
తులసి గారు చెప్పినదానికి చివర ఒకటి కలపాలి. ఆ ఎఫిప్పిజర్ ఉత్తరాన జర్మనీలో రైన్ లోయ వెచ్చటి వాలుల మీద, నెదర్లాండ్స్‌లో వేలువే ఇసుక నేలల్లో చిన్న చిన్న ముక్కలుగా మిగిలింది. ఆ ముక్కల మధ్య చాలా దూరం ఖాళీ. ఒకటి పోతే పక్కనుంచి వచ్చి నింపేది లేదు. మ్యాపు మీద రంగు పూసి "ఇక్కడ ఉంది" అంటే సరిపోదు.

నెక్కర్_గట్టు
మ్యాపు మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. ఈ మ్యాపులు ఎవరు గీస్తారు? విని గీస్తారా, చూసి గీస్తారా?

చిమ్మెట_చెవి
రెండూ. ఎక్కువ భాగం ఔత్సాహికులే. నేను ఈ చర్చలో గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే. మ్యాపు మీద ఖాళీ గడి ఉందంటే పురుగు లేదని కాదు, అక్కడ ఆ శ్రుతి వినగల చెవి నడవలేదని కూడా కావొచ్చు. పురుగుల సర్వేలు చేసేవాళ్లలో చాలామంది పెద్దవయసువాళ్లు. ఏటా అదే దారిలో నడుస్తూ, వయసుతో ముందు రోసెల్స్ వినపడక, తర్వాత పొదల్లోవీ వినపడక, "ఇక్కడ తగ్గిపోయింది" అని రాసే ప్రమాదం ఉంది. డిటెక్టర్ చేతికొచ్చాక లెప్టోఫైస్ లాంటివి లేవనుకున్న చోట్ల దొరికాయి. అందుకే నెక్కర్ గారూ, మీ పాపని వెంట తీసుకెళ్లండి. ఆ చెవులు ఇంకొన్నేళ్లు మీ ప్రాంతానికి చాలా పనికొస్తాయి.

లీడ్స్_లక్ష్మి
నూటికి నూరు పాళ్లు నిజం. మా గ్రూపులో నడకలకి ఎప్పుడూ ఒక కుర్రాడో పిల్లో ఉండేలా చూస్తాం.

గోదారిగట్టు_68
నేను రిటైరయ్యాక కొడుకు దగ్గర మ్యూనిక్‌లో ఉంటున్నా. పొదల్లో పాడే ఫోలిడాప్టెరా నాకు ఇంకా వినపడుతోంది. గోధుమ రంగుది, రెక్కలు నామమాత్రం. చ్రిప్... చ్రిప్ అని ఒక్కొక్కటీ విడిగా. అక్టోబర్‌లో చలి కోటు వేసుకుని నడుస్తుంటే కూడా పాడుతుంది, మిగతావన్నీ ఊరుకున్నాక. చలి పెరిగేకొద్దీ రెండు చ్రిప్‌ల మధ్య ఎడం పెరుగుతుంది. ఇవి చల్లటి రక్తం జీవులు కదా, వేడి తగ్గితే కండ నెమ్మదిస్తుంది.

పాత_మైకు
పెద్దాయన మంచి మాట చెప్పారు. రికార్డింగ్ పంపేవాళ్లు తప్పకుండా ఉష్ణోగ్రత రాయండి. అదే మిడత 15 డిగ్రీల దగ్గర ఒక వేగంతో, 28 దగ్గర చాలా ఎక్కువ వేగంతో పాడుతుంది. వేడి రాయకపోతే రెండు దగ్గరి జాతుల్ని వేగం చూసి విడదీయలేం. మిడత కూర్చున్న చోటి వేడి రాయాలి, ఊరి వాతావరణ రిపోర్ట్ కాదు.

లుబ్లియానా_లహరి
ఫోలిడాప్టెరా అనగానే మా స్లొవేనియా మనిషి గుర్తొచ్చాడు. యోహన్ రెగెన్, వియన్నాలో స్కూలు టీచరు. ఫోలిడాప్టెరా ఆప్టెరా మగవి రెండు ఎదురెదురుగా ఉంటే ఒకటి అన్నాక ఒకటి వంతులేసుకుని పాడతాయి. అవి ఒకదాన్ని ఒకటి వినే అలా చేస్తున్నాయా అని ఆయన ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. 1913లో ఇంకో అడుగు వేశాడు. పొలం ఇలకోడి మగదాన్ని ఒక గదిలో పాడించి, ఆ చప్పుడు టెలిఫోన్‌లో ఇంకో గదికి పంపాడు. ఆడది రిసీవర్ దగ్గరికి నడిచి వచ్చింది. వాసన లేదు, రూపం లేదు, పాట ఒక్కటే. పిలుపుకే ఆడది కదులుతుందని అలా రుజువైంది.

వెన్నెలవాగు
1913లో ఇలకోడికి ఫోన్ కాల్! మా ఊళ్లో ఫోను వచ్చింది ఎనభైల్లో.

లుబ్లియానా_లహరి
ఇంకొకటి, పాట అందరికీ వినిపిస్తే చిక్కే. బాల్కన్లలో పోయెసిలిమన్ అనే చిన్న లావుపాటి మిడతలున్నాయి. బాల్కన్లు, టర్కీ, కాకసస్ కలిపి నూటికి పైగా జాతులు, ఒక్కో కొండకి ఒక్కోటి అన్నట్టు. గ్రీస్‌లో వాటి పాట విని ఒక ఈగ వస్తుంది, థెరోబియా. పాడే మగదాన్ని రాత్రిపూట చెవితోనే పట్టుకుని దాని మీద పిల్లపురుగుల్ని వదులుతుంది. అవి లోపలికి దూరి తింటూ పెరుగుతాయి. ఎంత ఎక్కువ పాడితే అంత ప్రమాదం.

నల్లరేగడి_బాసెల్
గబ్బిలాలూ అంతే. యూరప్‌లో ఎలుకచెవి గబ్బిలాలు టెట్టిగోనియా పాట ఎటు నుంచి వస్తోందో విని అటు పోతాయని ప్రయోగాల్లో తేలింది.

తూలూజ్_తులసి
అసలు పాడని పెద్ద మిడత కూడా మా వైపు ఉంది, సాగా పెడో. యూరప్‌లో పెద్ద పురుగుల్లో ఒకటి. ఇందులో మగవే లేవు! ఆడవే, తమంతట తాము గుడ్లు పెట్టి ఆడపిల్లల్నే కంటాయి. పిలవాల్సిన పని లేదు, పాట లేదు. స్పెయిన్ నుంచి కజకిస్తాన్ దాకా అక్కడక్కడా ఉంది, కానీ విని కనుక్కోలేం కాబట్టి చాలా అరుదుగా దొరుకుతుంది. ముందు కాళ్లకి ముళ్లు, తోటి మిడతల్ని పట్టి తింటుంది. యూరోపియన్ యూనియన్ చట్టం కింద రక్షణ ఉంది, ముట్టుకోకండి.

మిడ్‌మానేరు
ఇదంతా యూరప్ సంగతి. కరీంనగర్‌లో మా ఇంటి వెనక వానాకాలం రాత్రి వినపడేవి కూడా ఇవేనా? ఎవరైనా మన దగ్గర పని చేశారా?

చిమ్మెట_చెవి
కొన్ని ఇదే కుటుంబం. బెంగళూరు ఐఐఎస్‌సీ వాళ్లు దక్షిణ భారతంలో మెకోపొడా అనే ఆకు మిడతల మీద మంచి పని చేశారు. పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే రకం, తేడా పట్టలేం. పాటలు మాత్రం ఐదు రకాలుగా తేలాయి. చూపుతో ఒకటి, వినికిడితో ఐదు. మీరు డాబా మీద ఫోన్ పెట్టి రికార్డ్ చేసి ఇక్కడ పెట్టండి, విందాం. మన జిల్లాల్లో ఏది ఎక్కడ పాడుతుందో ఓపిగ్గా నమోదు చేసేవాళ్లు చాలా తక్కువ, మొదలుపెడితే మీదే మొదటి చుక్క కావొచ్చు.

మిడ్‌మానేరు
పెడతా. వాన ఆగిన రాత్రి.

ఎర్రమట్టి
ఒక సీరియస్ ప్రశ్న. ఇన్ని పాకుతున్నాయి అంటున్నారు కదా, అంటే మొత్తం మీద బాగానే ఉన్నట్టా?

నల్లరేగడి_బాసెల్
కాదు. 2016లో ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం యూరప్ మిడతలు, ఇలకోళ్లు, బుష్ క్రికెట్లు అన్నిటికీ కలిపి రెడ్ లిస్ట్, అంటే ఏ జాతికి ఎంత ముప్పో చెప్పే జాబితా వేసింది. వెయ్యికి పైగా జాతులు చూస్తే నాలుగో వంతుకు పైగా ముప్పులో ఉన్నాయి. పాకేవి రోడ్డు పక్క గడ్డిలో బతకగల కొన్ని మాత్రమే. ఒక్క కొండకో ఒక్క చిత్తడికో అంటుకుపోయినవి ఎక్కడికీ పోలేవు. ఇటలీ ఈశాన్యం, స్లొవేనియా చిత్తడి నేలల్లో జ్యూనెరియానా మార్మొరాటా అని ఒకటుంది, ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ఆ నేల ఎండగట్టి మొక్కజొన్న వేస్తే దానికి ఇంకో ఊరు లేదు.

లుబ్లియానా_లహరి
అవును. ఇక్కడ చిత్తడిలో ఏడాదికి ఒకసారే, ఆలస్యంగా గడ్డి కోసేచోట్ల నిలబడుతోంది. మేలో, జూన్‌లో, మళ్లీ ఆగస్టులో అని మూడు కోతలు కోస్తే పిల్లలు పెద్దవి కావు.

దొడ్డిదారి
మన చేతిలో ఉన్నది కూడా అదే. సొంత లాన్ ఉన్నవాళ్లు ఒక పట్టీ సెప్టెంబర్ చివరిదాకా కోయకుండా వదలండి. మొత్తం ఒకేసారి కోయకండి, ఈ ఏడు ఈ సగం, వచ్చే ఏడు ఆ సగం. రోబో కోత యంత్రం రాత్రిళ్లు నడపకండి. మా అద్దె ఇంటి ఓనర్‌తో ఈ మాట మీద పెద్ద వాదనే అయింది, చివరికి కంచె పక్క పట్టీకి ఒప్పుకున్నారు. ఈ ఆగస్టులో అక్కడ రోసెల్స్ పాడుతోంది.

క్రాకో_కిరణ్
ఆలస్యంగా వచ్చాను, మొత్తం చదివాను. మా దగ్గర పోలండ్‌లో గోధుమ పొలం అంచున ఒక పెద్ద పచ్చ మిడత దొరికింది. విరిడిస్సిమా అనుకున్నా, కానీ ఆడదాని గొట్టం రెక్కలు దాటి చాలా పొడవుగా ఉంది. రెక్కలు చూస్తే కాంటాన్స్ అంత పొట్టిగా లేవు. ఇది మూడోదా?

చిమ్మెట_చెవి
మూడోదే అయ్యుండొచ్చు, టెట్టిగోనియా కౌడాటా. తూర్పు యూరప్‌ది, పోలండ్, హంగేరీ మీదుగా జర్మనీ తూర్పు అంచుదాకా ఉంది. స్విట్జర్లాండ్ ఎంగాడీన్ లోయలో ఒక తునక విడిగా ఉంది. ధాన్యం పొలాలంటే దానికి ఇష్టం. వెనక తొడ అడుగు వైపు చూడండి, ముళ్ల మొదట్లో నల్ల చుక్కలు ఉన్నాయా?

క్రాకో_కిరణ్
ఫొటో పెద్దది చేసి చూశా. ఉన్నాయి, వరసగా నల్ల చుక్కలు.

చిమ్మెట_చెవి
అయితే కౌడాటానే. ఈ రాత్రి అదే పొలం అంచుకి వెళ్లి మగది పాడుతుంటే ఒక నిమిషం రికార్డ్ చేయండి. ఫోన్ నాయిస్ సెట్టింగ్ ఆపి, గడ్డి దగ్గర వేడి రాసి, చోటు గుర్తు పెట్టి జెనో కాంటో అనే వెబ్‌సైట్‌లో ఎక్కించండి. అది పక్షుల పాటల కోసం 2005లో మొదలైంది, ఇప్పుడు మిడతలవీ తీసుకుంటున్నారు. పొలం కోత ఎప్పుడో రైతుని అడిగి ముందే వెళ్లండి, హార్వెస్టర్ దిగాక అక్కడ ఏదీ మిగలదు.

క్రాకో_కిరణ్
కోత శనివారం అన్నారు. ఈ రాత్రే వెళ్తున్నా.